తెల్ల గౌనుకు సీసం గుళ్లు

పోయిన వారం మనం సుగుణమణిని అబిడ్స్‌లో జనార్దన్ ఫోటో స్టూడియో మెట్ల మీద, చేతిలో పసుపు కవరుతో, తుంపర వానలో నిలబెట్టి వచ్చాం. ఒక ఆడమనిషిని అలా వానలో వదిలేసి రావడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆమె ఆ కవరు విప్పాక జరిగింది హడావిడిగా చెప్పి ముగించే సంగతి కాదు.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ల కోసం నాలుగు మాటలు. సుగుణమణి నాంపల్లిలో ఆడపిల్లల బడిలో తెలుగు టీచరు. వయసు నలభై రెండు. భర్త ఆనంద్ పాల్ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో రిజిస్టర్ ఉత్తరాల కౌంటర్ దగ్గర గుమాస్తా. ఒక్కతే కూతురు, బెత్సీ, పదిహేడేళ్ల పిల్ల. మే నెల సెలవుల్లో ముగ్గురూ విశాఖపట్నంలో ఉండే ఆనంద్ పాల్ అన్న జార్జి ఇంటికి వెళ్లారు. భీమిలి దారిలో సముద్రం ఒడ్డున రాళ్ల మధ్య మడుగుల్లో నాలుగు రోజులు ఈతలాడి వచ్చారు. అక్కడ తీసిన ఫోటోల రోలు వెలుతురు తగిలి పాడైపోయిందని ఆనంద్ పాల్ జూన్‌లోనే ఇంట్లో చెప్పాడు. ఈ గురువారం సాయంత్రం బడి విడిచాక సుగుణమణి అబిడ్స్‌లో నడిచిపోతుంటే జనార్దన్ దుకాణంలోంచి పిలిచి, సారు మరిచిపోయిన ఫోటోలు నెలన్నర నుంచి ఇక్కడే పడి ఉన్నాయంటూ కవరు ఆమె చేతిలో పెట్టాడు. అక్కడ ఆగాం.

రేకు చూరు కిందికి జరిగి ఆమె కవరు విప్పింది. మొదట ఆమెకు కలిగింది సంతోషమే. పాడైందనుకున్న రోలు పాడవలేదు. ఇంకెవరి రోలో పాడైతే తనదే అనుకొని ఉంటాడు, ఈయన మతిమరుపు తగలెయ్య, అని నవ్వుకుంది కూడా. మొదటి ఫోటోలో అందరూ బండల మీద వరుసగా కూర్చుని ఉన్నారు, నడుమ టిఫిన్ క్యారియర్ కూడా మనిషిలాగే పోజు పెట్టి ఉంది. రెండో దాంట్లో బెత్సీ మడుగు మీద వెల్లకిలా తేలుతోంది. వీపు కింద పెదనాన్న జార్జి అరచెయ్యి ఉంది. మూడో ఫోటోలో సుగుణమణే ఉంది, మోకాళ్ల దాకా నీళ్లలో, కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, నోరంతా తెరిచి నవ్వుతూ.

ఆ నవ్వు ఎందుకో ఆమెకు బాగా జ్ఞాపకం. సముద్రం వెనక్కి తీసిన వేళకు ఆ రాళ్ల మధ్య మడుగు నిలిచిపోయేది. మూడు పక్కల నల్లటి బండలు, నాలుగో పక్క సముద్రం. పెద్ద అల వస్తే బండ మీది నుంచి నురగ ఎగిరి లోపల పడేది, లేకపోతే ఆ నీళ్లు కదిలేవే కావు. అంచుల్లో మోకాలి లోతు, నడుమ మెడ లోతు. పైపైన గోరువెచ్చగా ఉండి అరికాళ్ల దగ్గర చల్లగా తగిలేవి. రాళ్లకు అంటుకున్న పెంకులు కాళ్లను గీరేస్తాయని జార్జి అందరికీ పాత కాన్వాసు బూట్లు తొడిగించాడు. ట్యాంక్‌బండ్ మీది నుంచి హుస్సేన్ సాగర్‌ను చూడటం తప్ప నీళ్లతో పెద్దగా పరిచయం లేని సుగుణమణి మొదటి రోజు ఒడ్డు దిగలేదు. రెండో రోజు బెత్సీ రెండు చేతులూ పట్టి లాగింది. కాలి మీదుగా చిటికెన వేలంత చేప ఒకటి పోయేసరికి కెవ్వుమని అరిచి, ఆ అరుపుకు తనే సిగ్గుపడి, ఆ తర్వాత నడుం లోతు నీళ్లలో చీరతోనే చతికిలపడి గంటసేపు లేవలేదు. తోడికోడలు పిలిచినా లేవలేదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో అంత నిశ్చింతగా ఆమె ఎక్కడా కూర్చోలేదు. జూన్‌లో బడి తెరిచాక ఈ కథ స్టాఫ్ రూంలో ఎన్నిసార్లు చెప్పిందంటే, చేప పరిమాణం ఎప్పుడెప్పుడు ఎంత పెరిగిందో కూడా నళిని టీచరు చెప్పగలదు.

నాలుగో ఫోటోలో ఆమె వీపు ఉంది.

ఇసక మీద గొడుగు వేసుకొని, ఒళ్లో అందరి బట్టల మూట పెట్టుకొని, సముద్రానికి వీపు చేసి కూర్చుని ఉంది. అది ఆదివారం పొద్దున. మగవాళ్లంతా మడుగులో స్నానాలు చేస్తారు, బెత్సీ పెద్దమ్మతో బండల అవతల ఈదుతుంది, నువ్వు ఇవతల కూర్చుని బట్టలు చూస్తుండు అని ఆనంద్ పాల్ చెప్పాడు. సరేనని కూర్చుంది. తను అటు తిరిగి కూర్చున్నప్పుడు ఈయన తన వీపును ఫోటో తీశాడా, ఎందుకు తీశాడు అనుకుంటూ దాన్ని కిందికి జరిపింది.

అయిదో ఫోటోలో బెత్సీ మడుగు నడుమ నిలబడి ఉంది. ఒంటి మీద పాదాల దాకా తెల్ల గౌను. ఒక పక్క జార్జి, ఇంకో పక్క ఎవరో తెల్లగడ్డం పెద్దమనిషి. ఇద్దరి చేతులూ పిల్ల భుజాల మీద ఉన్నాయి. చుట్టూ బండల మీద పదిహేను మంది ఆడా మగా, చేతుల్లో పాటల పుస్తకాలు. ఆరో ఫోటోలో బెత్సీ ముఖం ఒక్కటే నీళ్ల పైన ఉంది, కళ్లు గట్టిగా మూసుకొని, ముక్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని. ఏడో దాంట్లో లేచి నిలబడింది. జుట్టు నుంచి, గౌను నుంచి నీళ్లు కారుతున్నాయి.

క్రైస్తవుల ఇంట పుట్టిన వాళ్లకు ఈ మూడు ఫోటోలూ ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మిగతా వాళ్లకు చెప్పాలి. సుగుణమణి వాళ్ల చర్చిలో పసిబిడ్డకు అయ్యగారు నుదుటి మీద దోసెడు నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు. అది జన్మకు ఒక్కసారే. జార్జి విశాఖపట్నం వెళ్లాక చేరిన సహవాసం అనే ఇంకో క్రైస్తవ సంఘంలో ఈ లెక్క వేరు. ఊహ తెలియని బిడ్డ మీద చల్లిన నీళ్లు చెల్లవు, పెద్దయ్యాక విశ్వసించిన మనిషి తనంతట తాను దిగి నీళ్లలో పూర్తిగా మునగాలంటారు. రెండు వర్గాల వాళ్లూ అవే పాటలు పాడతారు, అదే బైబిలు చదువుతారు, ఒకరి పెళ్లిలో ఒకరు తృప్తిగా భోంచేస్తారు. ఈ నీళ్ల దగ్గర మాత్రం పడదు. రెండోసారి మునిగిన మనిషి, మొదట పోసింది ఉత్త నీళ్లేనని నలుగురి ముందర చెప్పినట్టే.

బెత్సీకి ఆ మొదటి నీళ్లు పోసింది సుగుణమణి తండ్రి, మెదక్‌లో పేరున్న పాదిరి, జకరయ్య అయ్యగారు. వచ్చే ఆదివారం చర్చికి బిషప్ గారు వస్తున్నారు. ఆ రోజు బెత్సీకి కన్ఫర్మేషన్, అంటే ఆ పసితనపు బాప్తిస్మం నాకు సమ్మతమేనని పిల్ల పెద్దల ముందు ఒప్పుకొని మొదటిసారి ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షరసం, తీసుకునే రోజు. మనుమరాలి పక్కన నిలబడటానికి డెబ్బై ఆరేళ్ల ముసలాయన శనివారం బస్సులో రాబోతున్నాడు.

సుగుణమణి ఫోటోలు కవరులో పెట్టి, కవరు సంచిలో పెట్టి, రోడ్డు దాటి పోస్టాఫీసు ముందు నిలబడింది. ఏడవలేదు. ఆమె కళ్ల ముందు ఆ గౌను ఒక్కటే ఆడుతోంది.

ఆ గౌను ఆమే కుట్టింది. ఏప్రిల్‌లో ఆనంద్ పాల్ ఆమెను సుల్తాన్ బజార్ తీసుకుపోయి తెల్ల లాంగ్‌క్లాత్ కొనిపించాడు. పెద్ద పిల్ల, నలుగురిలో ఈతకు దిగుతుంది, ఒంటి నిండా ఉండేలా కుట్టమన్నాడు. నీళ్లలో గౌను పైకి తేలి పిల్ల సిగ్గు పోతుందని చెప్పి, వలలకు కట్టే సీసం గుళ్లు జార్జి పార్సెల్‌లో పంపితే, వాటిని అంచు మడతలో ఒక్కొక్కటి పెట్టి కుట్టమన్నాడు. ముప్పై రెండు గుళ్లు. ఒక్కో గుండుకు అటూ ఇటూ టాకా వేసి, కదలకుండా, నాలుగు సాయంత్రాలు కూర్చుని కుట్టింది. మునక బాప్తిస్మాల గౌనులకు ఇట్లాగే బరువు పెడతారని ఆమెకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు మెదక్‌లో విన్నదే. కానీ సొంత మొగుడు ఈత గౌను అంటే ఈత గౌనే అనుకుంది. అనుమానం పుట్టడానికైనా ఎదుటి మనిషి మీద ఒకటి రెండుసార్లు నమ్మకం సడలి ఉండాలి కదా.

ఆనంద్ పాల్ అయిదున్నరకు బయటికి వచ్చాడు. భార్యను చూసి, వానలో ఎందుకొచ్చావని అడగబోయి, ఆమె సంచి లోంచి పైకి కనిపిస్తున్న పసుపు కవరును చూసి ఊరుకున్నాడు. రోడ్డు మీద మాటలు వద్దు, పద అని ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లోకి తీసుకుపోయాడు. ఫ్యామిలీ గదిలో పరదా లాగి రెండు చాయ్‌లు చెప్పాడు. అవి వచ్చి మీగడ కట్టాయి.

“రోలు పాడైందని అన్నరు,” అంది సుగుణమణి.

“ఔ. అన్న.”

“పాడైంది రోలేనా?”

ఆనంద్ పాల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మంచి మనిషి, అది ఎవరైనా ఒప్పుకుంటారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒకరి ఉత్తరం ఇంకొకరి చేతికి పోనివ్వలేదని పేరు. కానీ మంచివాళ్లలో ఒక రకం ఉంటారు, ఎవరితోనూ కాదనలేక అందరికీ అబద్ధం చెబుతారు. ఆయన ఆ రకం. తప్పంతా తనదేనని మొదలుపెట్టాడు. అన్నను ఏమనొద్దన్నాడు, పిల్లను అసలే ఏమనొద్దన్నాడు. తను ఒప్పుకోకపోతే ఏదీ జరిగేది కాదన్నాడు. ఫోటోలు ఇంటికి తేలేక, చింపలేక, దుకాణంలోనే ఉంచేశానన్నాడు. సుగుణమణి మధ్యలో ఆపలేదు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లల ముందు కూర్చున్నట్టు కూర్చుని అంతా విన్నది.

“గౌను నాతోని ఎందుకు కుట్టించిన్రు?”

“గుళ్లు లేకుంటే గౌను పైకి లేస్తది సుగుణా, మునిగినప్పుడు.”

“గది నాకెర్కనే. దర్జీలు చచ్చిన్రా హైద్రాబాద్‌ల? నాతోని ఎందుకు కుట్టించిన్రని అడుగుతున్న.”

ఆయన ఒళ్లో టోపీ అంచు సవరించాడు. చెప్పినప్పుడు ఆమె మొహం వంక చూడలేదు.

“నీ చేతి కుట్టు ఉంటే, నువ్వు గూడ ఆడ ఉన్నట్టే అని అనుకున్న.”

అబద్ధం చెప్పినందుకు ఆమెకు అంత కోపం రాలేదు. ఈ మాటకు వచ్చింది. తనను గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టి, దానికి మళ్లీ ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు ఈ మనిషి. రెండు నెలలు పక్కన పడుకొని, తను ఆ మడుగు కథ చెప్పుకుని మురిసిపోతుంటే నవ్వుతూ తల ఊపాడు. ఆమె గ్లాసు పక్కకు జరిపి, మెల్లగా, ఇంకొకటి అడిగింది.

“ఆ దినం బండల ఎనక నుంచి పాట వినవడ్డది. మీ అన్న ప్రార్థన చేసుకుంటుండు అనుకున్న. నేను గూడ పాడిన, రెండో గొంతు. మీకు వినవడ్డదా?”

“వినవడ్డది.”

“నవ్వుకున్నరా?”

“నవ్వలే సుగుణా. బెత్సీ ఏడ్చింది.”

చర్చి పాటల బృందంలో పదిహేనేళ్లుగా రెండో గొంతు పాడే మనిషి ఆమె. ఎక్కడ పాట వినిపించినా ఆ గొంతు దానంతటదే లేస్తుంది. తన తండ్రి పోసిన నీళ్లు చెల్లవని తన బిడ్డ నీళ్లలో మునుగుతుంటే, ఆమె బట్టల మూట ఒళ్లో పెట్టుకొని, అటు తిరగకుండా, వంత పాడింది. తర్వాత పిల్ల పరుగెత్తుకొచ్చి ఒళ్లో పడితే తువ్వాలుతో తల తుడిచింది. చెవుల వెనక కూడా తుడిచింది. జలుబు చేస్తుందని మందలించింది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆనంద్ పాల్ వచ్చే ఆదివారం సంగతి ఎత్తాడు. అయిందేదో అయింది, ఆదివారం గంట సేపటి పని, బిషప్ గారు తల మీద చెయ్యి పెడతారు, మామగారు సంతోషంగా బస్సెక్కి పోతారు, ఎవరికీ నష్టం లేదు, ఆ తర్వాత నెమ్మదిగా అన్నీ చెప్పుకుందాం అన్నాడు. ఆయన మొహంలో ఆశ కూడా కనిపించింది.

“అంటే దేవుని ముందర గూడ దొంగ సంతకమేనా?” అంది సుగుణమణి.

చాయ్‌లు అట్లాగే ఉన్నాయి. లేచి పరదా జరిపి బయటికి నడిచింది. స్టేషన్ రోడ్డు మీద ఆమె ముందు, ఆయన పది అడుగుల వెనక. గొడుగు ఆయన చేతిలో ఉంది, దగ్గరికి వచ్చి పట్టే ధైర్యం లేక దాన్ని తనూ వేసుకోలేదు. ఇద్దరూ తడిశారు. ఎదురైన తెలిసినవాళ్లు ఒకరిద్దరు నమస్కారం పెడితే ఆమె టీచరు మొహంతోనే తిరిగి పెట్టింది. నాంపల్లి స్టేషన్ దాటి గల్లీలోకి తిరిగే లోపల ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. ఇదంతా జార్జి పని. అన్న మాట కాదనలేక తమ్ముడు, పెదనాన్న మాట కాదనలేక పిల్ల చిక్కుకున్నారు. పిల్ల చిన్నది, ఈతని చెప్పి దింపారు, ఏం చేస్తుంది? ఆ పిల్లను ముందు దగ్గరికి తీసుకోవాలి. ఆ ఆలోచన ఒక్కటే ఆమెను ఇంటి దాకా నడిపించింది.

బెత్సీ ముందు గదిలో కన్ఫర్మేషన్ ప్రశ్నల పుస్తకం తెరిచి వల్లె వేసుకుంటోంది. తల్లిదండ్రుల తడి బట్టలు చూసి తువ్వాలు తేవడానికి లేచింది. సుగుణమణి వద్దని కూర్చోబెట్టి, పుస్తకం మీద మూడు ఫోటోలూ వరుసగా పరిచింది. అయిదు, ఆరు, ఏడు.

ఆ పిల్ల మొహంలో మొదట కనిపించింది భయం కాదు. ఆ ఫోటోలను తను కూడా అప్పుడే చూస్తోంది. ఏడో ఫోటో తీసి దీపం వెలుగుకు పట్టుకుంది. నీళ్లు కారుతూ, కళ్లు ఇంకా సరిగా తెరవకుండా, నవ్వుతున్న తన మొహం చూసుకొని పెదవులు కొద్దిగా విచ్చుకున్నాయి. ఎవరికైనా తమ పెళ్లి ఫోటో మొదటిసారి చేతికి వస్తే అట్లా చూస్తారు. సుగుణమణి అది చూసింది. పిల్లను ఎవరో లాక్కుపోయి ముంచారన్న ఆ ఒక్క ఆధారం కూడా చేతిలోంచి జారిపోయింది.

“పెదనాయిన జబర్దస్తీ చేసిండా?” అని అడిగింది, జవాబు ఏమిటో తెలిసి కూడా.

“లేదమ్మా. నేనే రాసిన పెదనాయినకు, ఫిబ్రవరిల. ఆయన మొదలు వద్దన్నడు. మీ అమ్మకు చెప్పి చెయ్యమన్నడు.”

ఆనంద్ పాల్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. బెత్సీ రాసిన ఉత్తరాలు, జార్జి జవాబులు, అన్నీ పోస్టాఫీసు చిరునామాకు వచ్చాయి. ఆనంద్ పాల్ వాటిని టిఫిన్ డబ్బాలో ఇంటికి తెచ్చి కూతురికి ఇచ్చాడు. ఆ డబ్బాను రోజూ సాయంత్రం కడిగింది సుగుణమణే. మడుగులో మొదటి మూడు రోజుల ఈత నేర్పులు కూడా నాలుగో రోజు ఆదివారం మునక కోసమే. వెనక్కి వాలడం, ఊపిరి బిగబట్టడం, నీళ్లంటే బెదరకుండా కళ్లు మూసుకోవడం. పిల్ల వెల్లకిలా తేలడం నేర్చుకుందని ఆ రోజు ఒడ్డు నుంచి చప్పట్లు కొట్టింది కూడా సుగుణమణే.

“నన్నెందుకు అడగలే?”

“అడిగితే వద్దంటవని కాదమ్మా. అడిగితే ఏడుస్తవు. నువ్వు ఏడిస్తే నేను ఆగిపోత. నాకు ఆగాలని లేకుండె.”

అంత మెత్తగా, అంత నిజంగా చెప్పింది ఆ మాట. కొట్టినా బాగుండేదని సుగుణమణికి అనిపించింది. తన ఏడుపు ఈ ఇంట్లో అందరూ తప్పించుకు తిరిగే గుంట అయిందన్నమాట. ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉందో, ఇంకా ఏమేం తన వెనక జరిగాయో. మొగుడు మోసం చేశాడంటే ఒక రకం. పదిహేడేళ్లు ఒడిలో పెంచిన పిల్ల, తల్లి మనసు ఎక్కడ మెత్తగా ఉందో చూసుకొని, సరిగ్గా ఆ చోటు తప్పించుకొని నడిచిపోయింది. ఏడవకూడదని పళ్లు బిగించింది.

“మీ తాతయ్య నీ నెత్తి మీద పోసినయి ఉత్త నీళ్లేనా?” అంది. “నాకు పోసినయి గూడ ఉత్తయేనా? మా అవ్వ, మీ అమ్మమ్మ, చెప్తుండె. నేను పుట్టిన నలభయ్యో దినం, మా నాయిన మొదటిసారి అయ్యగారి అంగీ ఏసుకొని, నాకే మొదలు బాప్తిస్మం ఇచ్చిండంట. చేతులు వణికి సగం నీళ్లు ఆయన అంగీ మీదనే పడ్డయంట. నేను ఆ దోసెడు నీళ్ల మీద బతికిన బెత్సీ, నలభై రెండేండ్లు. మీ పెదనాయిన వచ్చి అది చెల్లదంటే చెల్లకుండ పోతదా?”

బెత్సీ తలవంచుకుంది. కళ్ల నుంచి నీళ్లు పుస్తకం మీద పడుతున్నాయి.

సుగుణమణి తడి కొంగు దోపుకుంది. శనివారం తాతయ్య వస్తాడని, ఆయన ఎదుట బెత్సీయే నిలబడి, తన నోటితోనే ఈ మాట చెప్పాలని అంది. తను అడ్డం రాదు, సాయం రాదు. ఆ ముసలాయన గుండె పగిలితే అది బెత్సీ చూడాలి. తాతయ్యను కూడా బట్టల మూటకు కాపలా కూర్చోబెడతామంటే ఈ ఇంట్లో తను ఉన్నంతవరకు కుదరదు.

బెత్సీ తల ఎత్తి తండ్రి వైపు చూసింది.

“వద్దు బెత్సీ,” అన్నాడు ఆనంద్ పాల్. ఆయన గొంతు అంత గట్టిగా లేవడం ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ వినలేదు. “ఆయనే చెప్తా అన్నడు. వద్దు.”

“ఇంక నాతోని కాదు డాడీ,” అంది బెత్సీ.

లోపలి గదిలోకి పోయి ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడైంది. తిరిగి వచ్చి ఒక ఇన్‌లాండ్ ఉత్తరం తల్లి చేతిలో పెట్టింది. పైన పోస్టాఫీసు చిరునామా, ఆనంద్ పాల్ పేరు. ఊదారంగు సిరా. నిటారుగా, అక్షరాల తలకట్లు విడివిడిగా పెట్టే ఆ రాతను సుగుణమణి చీకట్లోనైనా గుర్తుపడుతుంది. ఆమెకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అదే. కింద తేదీ ఏప్రిల్ పదకొండు. వాళ్లు విశాఖపట్నం రైలెక్కడానికి ఇంకా నెల రోజుల ముందు.

నిలబడే చదివింది.

“చిరంజీవి బెత్సీకి తాతయ్య దీవెనలు. నీ ఉత్తరం అందినది. నీ మనస్సాక్షి ప్రకారము నీళ్లలోనికి దిగుము. నేను అడ్డము రాను. అడ్డము వచ్చుటకు నాకు హక్కు లేదు. మీ అమ్మకు మాత్రము ఇప్పుడే తెలియనియ్యవద్దు. అంతకన్న ముందు ఆమెకు నేను చెప్పవలసినది ఒకటి నలభై రెండు సంవత్సరములుగా మిగిలిపోయినది. తనకు నేను బాప్తిస్మము ఇచ్చితినని ఆమె నమ్ముచున్నది. మీ అమ్మమ్మ ఆమెకు అట్లు చెప్పినది, నేను కాదనలేదు. బెత్సీ, నేను సుగుణమణికి బాప్తిస్మము ఇవ్వలేదు. ఎవరును ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో నీ కన్ఫర్మేషన్ ఆదివారము లోపల నేనే వచ్చి ఆమెకు చెప్పెదను.”

రెండోసారి చదివింది. అక్షరాలు మారలేదు.

“ఇది మీరిద్దరు చదివిన్రా?” అని అడిగింది.

బెత్సీ తల ఊపింది. ఆనంద్ పాల్ ఎదుటి గోడ మీంచి చూపు తిప్పలేదు. మొగుడికి తెలుసు, కూతురికి తెలుసు, కన్నతండ్రికి మొదటి నుంచీ తెలుసు. తన పుట్టుక నాటి సంగతి తెలియనిది సుగుణమణి ఒక్కదానికే.

బయట రిక్షా ఆగిన చప్పుడు. ఎవరో దిగి, వాకిట్లో నీళ్లు దాటుకుంటూ మెల్లగా మెట్టెక్కారు. దగ్గు వినిపించింది. శనివారం రావలసిన మనిషి గురువారమే వచ్చాడు.

“సుగుణా, తలుపు తియ్యి బిడ్డా. నేను, నాయినను.”

బెత్సీ తలుపు వైపు కదిలింది. సుగుణమణి చెయ్యి చాపి ఆపింది. ఉత్తరాన్ని మడతలు పెట్టి, తలుపుకు ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చుంది. తండ్రి రెండోసారి పిలిచాడు. గడియ తీయడానికి ఆమె లేవలేదు. సొంత బిడ్డకు బాప్తిస్మం ఇవ్వని పాదిరి ఎక్కడైనా ఉంటాడా అన్న ఒక్క ప్రశ్నే ఆమె తలలో తిరుగుతోంది.

“ఆడనే నిలబడి చెప్పు నాయినా,” అంది. “నేనెవరి బిడ్డను?”